వన్య పుట్టగొడుగులు: ఏరి తినుట క్షేమమా?

జూన్ మాసాంతమున ఢిల్లీ నగరమునందు ఋతుపవన వర్షములు ఆరంభమైన కొలది దినములకే మునిర్కా పరిసరములందలి పచ్చిక బయళ్లలోను, ఉద్యానవనములలోను, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ప్రాంతమందలి తుప్పల నీడలలోను పుట్టగొడుగులు పొడసూపును. చదువు నిమిత్తమును, ఉద్యోగము నిమిత్తమును, కూలిపనుల నిమిత్తమును వచ్చి మునిర్కాలో అద్దె గదులయందు నివసించు తెలుగువారు కలరు. తొలకరి వానలకు చేలగట్లపై పుట్టగొడుగులు ఏరి తెచ్చి కూర వండుకొనుట చిన్ననాటినుండి ఎరిగినవారు, అట్టివే ఇచట కనబడినప్పుడు చేయి చాపుట సహజము. అట్లు చాచిన చేతిని ఆపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

పుట్టగొడుగు అనగా నేమి?

పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రము. దానియందు పత్రహరితము లేదు. దాని అసలు దేహము సన్నని దారముల రూపమున మట్టిలోనో, కుళ్లిన కట్టెలోనో వ్యాపించియుండును. తేమ తగిలినప్పుడు పైకి వచ్చు గొడుగు, చెట్టునకు కాయ వంటిది. ఆ దేహము ముందే సిద్ధమై యుండుటచేతనే గొడుగులు ఒక్క రాత్రిలో లేచినట్లు కనబడును.

మన భాషలో దీనికి ఈ పేరు ఊరక వచ్చినది కాదు. చెదలు తమ పుట్టలోపల ఒక జాతి శిలీంధ్రమును పెంచి ఆహారముగా గొనును. వానలు కురిసినప్పుడు అది నేలను చీల్చుకొని గొడుగువలె పైకి లేచును. దాని కాడ వేరువలె సాగి చెదల గూటిదాక పోవును. మన పల్లెలలో ఏరి తెచ్చువానిలో ఇవి ముఖ్యమైనవి. తినరానివానికి పెద్దలు కుక్కగొడుగులని వేరు పేరు పెట్టిరి.

ఊరి తెలివి ఊరిలోనే

పెద్దల తెలివి నిజమైన తెలివియే. కాని అది కేవలము పుట్టగొడుగు రూపమును గూర్చినది కాదు. ఫలాని పుట్ట, ఫలాని గట్టు, ఫలాని కార్తె అను స్థలకాలములతో ముడివడి తరతరములుగా వచ్చినది. ఆ పుట్టయు, ఆ గట్టును మనతోకూడ ఢిల్లీకి రాలేదు. ఇచట కనబడినది మన ఊరి దానిని పోలియుండవచ్చును. అదియే అని చెప్పుటకు ఆధారము లేదు.

ఈ పొరపాటు ప్రాణాంతకమగుట ఇతర దేశములందును జరిగినది. ఆస్ట్రేలియా రాజధానియైన కాన్‌బెర్రాలో 2011 డిసెంబరు 31వ తేదీ రాత్రి, చైనా దేశమునుండి వచ్చిన ఒక వంటవాడు స్థానికముగా దొరికిన పుట్టగొడుగులను వండెను. వానిని తిన్న తరువాత అతడును, మరియొక స్త్రీయు 2012 జనవరి ఆరంభమున మరణించిరి. అవి ‘డెత్ క్యాప్’, అనగా ‘చావు టోపీ’ అను జాతివి. ఆసియా దేశములందు వరిగడ్డిపై పెంచి తినెడు పుట్టగొడుగునకును, దీనికిని లేతదశలో పోలిక మిక్కుటము.

స్వస్థలముననే ఏరినవారికిని అపాయము తప్పదు. 2022 ఏప్రిల్ మాసమున అస్సాం తూర్పు జిల్లాలలో వన్య పుట్టగొడుగులు తిని, దిబ్రూగఢ్‌లోని అస్సాం వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరినవారిలో 13 మంది మరణించిరి. మృతులలో పసిబిడ్డయు కలదు.

నమ్మరాని పరీక్షలు

1. విషపు పుట్టగొడుగుతో ఉడికించిన వెండి నాణెము, వెల్లుల్లి లేక బియ్యము నల్లబడునందురు. ఇది అసత్యము.

2. పురుగులు, నత్తలు తిన్నది మనుష్యులకును మంచిదందురు. వానికి హాని చేయని విషము మనకు హాని చేయగలదు.

3. విషపుది రంగురంగులుగా నుండునందురు. తెల్లనివానిలో ప్రాణాంతకములు గలవు.

4. రుచి చేదుగా నుండునందురు. డెత్ క్యాప్ తిని బ్రతికినవారు అది రుచిగానే యుండెనని చెప్పిరి.

5. బాగుగ ఉడికించినను, ఎండబెట్టినను విషము పోవునందురు. డెత్ క్యాప్ నందలి అమటాక్సిను అను విషము వేడికిగాని ఎండకుగాని నశింపదు.

విషము పనిచేయు విధము

కొన్ని జాతులు తిన్న ఒకటి రెండు గంటలకే వాంతులను, విరేచనములను కలిగించును. అమటాక్సిను గల జాతులు అట్లు కావు. తిన్న తరువాత సాధారణముగా 6 మొదలు 24 గంటలవరకు ఏ బాధయు నుండదు. పిమ్మట తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, విరేచనములు కలుగును. ఒకటి రెండు దినములకు అవి తగ్గి రోగి కోలుకొన్నట్లు కనబడును. ఈ దశయందే బంధువులు మోసపోవుదురు. గండము గడచినదని రోగిని ఇంటికి తీసికొనిపోవుదురు. ఆ సమయముననే విషము కాలేయపు కణములలో మాంసకృత్తుల తయారీని నిలిపివేసి ఆ కణములను చంపుచుండును. మూడవ లేక నాల్గవ దినమున కామెర్లు, రక్తస్రావము, స్పృహ తప్పుట కనబడవచ్చును. అప్పటికి కొందరికి కాలేయ మార్పిడి తప్ప వేరు మార్గముండదు.

కావున వాంతులు కట్టుట రోగము కుదురుట కాదు. వాంతులు త్వరగా వచ్చినవని ధైర్యపడుటయు తగదు. ఒకే కూరలో రెండు జాతులు కలిసియుండవచ్చును.

ఏమి చేయవలెను?

అనుమానము కలిగినంతనే, బాధ లేకున్నను, ఆ కూర తిన్న వారందరును ఆసుపత్రికి పోవలెను. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు. నాటు మందులతో కాలము గడపరాదు. మిగిలిన పుట్టగొడుగులను, తొక్కులను, కూరను కాగితమున చుట్టి వెంట గొనిపొండు. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు బాధ మొదలైనది వైద్యునకు తెలుపుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు 108 సంఖ్యకును, ఢిల్లీలో 112 సంఖ్యకును ఫోను చేయవచ్చును. మునిర్కాకు అనతిదూరముననున్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు జాతీయ విష సమాచార కేంద్రము 1995 నుండి నడుచుచున్నది. విషబాధితుల చికిత్సను గూర్చి అది వైద్యులకు సలహా నొసగును.

కోరిక తీర్చుకొను మార్గము

పుట్టగొడుగులు మంచి ఆహారమే. వానిని మానుమని ఈ పాఠము చెప్పదు. హర్యానాలోని సోనీపత్ ప్రాంతమున పెంచిన తెల్ల గుండీ పుట్టగొడుగులు ఢిల్లీ బజారులకు వచ్చుచున్నవి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు, వరిగడ్డి పుట్టగొడుగులు సయితము మన దేశమున పెంచబడుచున్నవి. వీని విత్తనము తెలిసిన జాతినుండి తయారగును. కనుక కొనువాడు ఊహింపవలసినది లేదు. వాడనివి, దుర్వాసన లేనివి కొని, కడిగి, బాగుగ ఉడికించి తినుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఏరినది తినరాదు, పెంచినది తినవచ్చును. ఇంటి పరీక్ష ఏదియు నమ్మదగినది కాదు. వాంతులు తగ్గినను ఆసుపత్రి విడువరాదు.

ప్రశ్నలు

1. స్వగ్రామమున నేర్చిన గుర్తులు వేరొక చోట ఏల చెల్లవు?

2. డెత్ క్యాప్ తిన్న రోగి రెండవ దినమున కోలుకొన్నట్లు కనబడినచో, ఇంటికి తీసికొనిపోవుట ఏల ప్రమాదము?

3. ఆసుపత్రికి పోవునప్పుడు వెంట గొనిపోవలసినవి ఏవి?