గట్టి ఉక్కులో లోతైన గాడి: కట్టర్ ఎందుకు విరుగుతుంది?

ఐటీఐలో చదివే మన పిల్లల ఫీజులు, పుస్తకాలు, బస్సు పాసుల ఖర్చు అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది. ‘కట్టర్లు’ అన్న పద్దు దగ్గరే ప్రశ్న వస్తుంది. మెషినిస్టు ట్రేడు రెండేళ్లే కదా, ఇన్ని కట్టర్లెందుకు? అడగవలసిన ప్రశ్నే. అందుకే జవాబును పాఠంగా రాస్తున్నాను.

తెనాలి రైసు మిల్లులో పుల్లీ షాఫ్టు మీద జారకుండా తిరగాలంటే రెండింటి మధ్య ఒక కీ కూర్చోవాలి. అది కూర్చునే గాడే కీవే. రేపల్లె దాటి నిజాంపట్నం హార్బరుకు వెళితే పడవల ప్రొపెల్లర్ షాఫ్టులకూ ఇదే పని. బాపట్ల, తెనాలి వర్క్‌షాపుల్లో మన కుర్రవాడికి పని ఇచ్చేవారు మొదట చూసేది ఇలాంటి గాడి తీయగలడా అనే. మెత్తని ఉక్కు తప్పు చేసినా క్షమిస్తుంది. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఈఎన్24, స్టెయిన్‌లెస్ స్టీలు క్షమించవు.

గాడి తీసేటప్పుడు కట్టర్ ముందు సగమంతా లోహంలో మునిగి ఉంటుంది. రెండు పక్కలా గోడలే. తెగిన రజను బయటికి పోయే దారి లేక మళ్లీ పళ్ల కిందికే వస్తుంది. పన్ను దాన్ని రెండోసారి తెంపుతుంది, వేడెక్కుతుంది, అంచు చిట్లుతుంది. ఎక్కువ కట్టర్లు పోయేది లోహం గట్టిదనం వల్ల కాదు, ఈ రజను వల్లే. కార్బైడ్ కట్టరైతే గాలి గొట్టంతో ఊదుతూ ఉండాలి. దాని మీద కూలెంట్ ఆగి ఆగి పోస్తే వేడి, చల్లదనం మారిమారి తగిలి పగుళ్లు వస్తాయి. హైస్పీడ్ స్టీలు కట్టరైతే సోల్యుబుల్ ఆయిల్ కలిపిన నీళ్లు ధారగా పడాలి.

రెండోది పొడవు. కట్టర్ హోల్డరు నుంచి ఎంత బయటికి వస్తే అంత వంగుతుంది. 30 మి.మీ. బదులు 60 మి.మీ. బయట ఉంటే వంపు రెట్టింపు కాదు, 8 రెట్లు. లోతుకు సరిపడా మాత్రమే బయటికి ఉంచమని చెప్పేది ఇందుకే.

ఇక లెక్క. 12 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు గాడి కావాలనుకోండి. 12 మి.మీ. కట్టర్‌తో ఒకేసారి దిగకూడదు. 10 మి.మీ. రెండు పళ్ల కట్టర్‌తో మధ్యలో 2.5 మి.మీ. చొప్పున 8 సార్లు దిగి, తర్వాత రెండు గోడలనూ కొంచెం కొంచెం చెక్కి కొలతకు తేవాలి. ఈఎన్24కు హైస్పీడ్ స్టీలుతో నిమిషానికి 15 మీటర్ల కోత వేగం తీసుకుంటే సుమారు 475 చుట్లు. పన్నుకు 0.03 మి.మీ. చొప్పున బల్ల నిమిషానికి 28 మి.మీ. కదలాలి. ఇనుము దావూద్ అలైహిస్సలాం చేతిలో మెత్తబడిందని ఖుర్ఆన్ చెబుతుంది. మన పిల్లలకు మాత్రం ఈ లెక్క తప్పదు.

కొత్తవాళ్లకు భయం ఎక్కువ. బల్లను మరీ నెమ్మదిగా జరుపుతారు. జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ అదే చేటు. పన్ను కోయకుండా రుద్దుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అలా రుద్దితే పైపొర ఇంకా గట్టిపడుతుంది, తర్వాతి పన్ను ఆ పొర మీదే పడుతుంది. కీచుమని శబ్దం వస్తే ఆపి చూడాలి.

సీఎన్‌సీ మెషిన్‌లో ఇంకో పద్ధతి ఉంది. 8 మి.మీ. కట్టర్ చిన్న చిన్న వలయాలు తిరుగుతూ 12 మి.మీ. గాడిలో ముందుకు పోతుంది. ప్రతిసారీ పక్కకు తెంపేది కొంచెమే, లోతు మాత్రం పూర్తిగా. అరుగుదల కొన మీదే పడకుండా అంచు పొడవునా పంచుకుంటుంది, రజనుకూ దారి దొరుకుతుంది. పాత చేతి మెషిన్ మీద ఇది కుదరదు. మన పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా వాటి మీదే.

ఇంత చెప్పినా నేర్చుకునేవాడి చేతిలో కొన్ని కట్టర్లు పోతాయి. మొద్దుబారినవన్నీ పారవేయనక్కర్లేదు. హైస్పీడ్ స్టీలువి సాన పట్టించవచ్చు. పక్క అంచులు సాన పడితే వ్యాసం తగ్గుతుంది కాబట్టి 12 మి.మీ. కట్టర్ ఇక 12 మి.మీ. గాడిని ఒక్క కోతలో కొలతకు తేలేదు, మధ్యలో లోహం తీయడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. వర్క్‌షాపులున్న దాతలు అలాంటి పాతవి ఇచ్చినా మొదటి సంవత్సరం పిల్లలకు చాలు. కొత్తవి రెండో సంవత్సరం వాళ్లకు, చివరి కొలత తేవడానికి కావాలి.