బొట్టు వైపు చూడు

పందొమ్మిదో ఏట మొహానికి రంగు వేసుకున్నాను. యాభై ఏళ్లు దాటింది. పద్య నాటకాలు కొన్ని, పరిషత్తు నాటికలు చాలా. ఇందులో ముప్ఫై తొమ్మిదేళ్లు నాకున్నది ఏమిటో తెలియకుండానే గడిచాయి. మనవడిని డాక్టరుకి చూపించబోతే, ఆవిడ వాడితో పాటు నన్నూ గమనించి సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. 2011లో ఆస్పర్జర్ సిండ్రోమ్ అని తేల్చారు. నాలాంటి కుర్రాళ్లు నాటకాల్లోకి వస్తే పనికొస్తాయని ఇవి రాస్తున్నాను.

1. "ఇలాంటి మనిషివి నటుడివెలా అయ్యావు?" అంటారు. పెళ్లిలో ఎదురొచ్చిన బంధువు ఏమంటాడో, దానికి నేనేమనాలో ఎవరూ రాసివ్వరు. స్టేజీ మీద అన్నీ రాసే ఉంటాయి. ఎవరెటునుంచి వస్తారో, ఏ మాటకి నేను లేవాలో రిహార్సల్లోనే తేలిపోతుంది. అంత నిశ్చింత నాకు మా ఇంట్లో కూడా లేదు.

2. నా డైలాగులే కాదు, అందరివీ నోటికొచ్చేస్తాయి. దాంతో తగువులే. ఒకసారి అల్లుడి వేషగాడు "ఎల్లుండి వస్తాను" అనాల్సింది "రేపు వస్తాను" అన్నాడు. నేను ప్రేక్షకుల ముందే "ఎల్లుండి" అని సరిదిద్దాను. తెర పడ్డాక అతను నా మీదికి రావడం ఒక్కటే తక్కువ. అప్పటినుంచి తోటి నటులతో ముందే ఒప్పందం: మధ్యలో ఏం మార్చుకున్నా సరే, నాకు అందించే చివరి మాట మాత్రం మార్చొద్దు.

3. వన్స్ మోర్. ఇది కాస్త వివరంగా చెప్పాలి. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా గారి శ్మశాన పద్యాలు పాడటం మన రంగస్థలం ఆనవాయితీ. నాకు మొదటిసారి ఆ వేషం ఇచ్చారు. పద్యం ముగియగానే జనం "వన్స్ మోర్!" అని అరిచారు. మళ్లీ అన్నారు కదా అని కర్ర భుజాన వేసుకుని వింగులోకి వెళ్లిపోయి, మళ్లీ మొదటి అడుగునుంచీ నడిచి వచ్చి, సీనంతా ఎత్తుకున్నాను. హార్మోనిస్టు చేతులు మెట్ల మీదే ఆగిపోయాయి. జనం కొత్త పద్ధతేమో అనుకుని చప్పట్లు కొట్టారు. అడిగినది ఒక్క పద్యమేనని ఆ రాత్రి ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అందుకే ఏ మాటకి అర్థం ఏమిటో ముందే అడుగు. సిగ్గుపడకు.

4. కళ్లలోకి చూడలేకపోతే బొట్టు వైపు చూడు. కింద కూర్చున్న వాళ్లకి ఆ తేడా తెలియదు. పరిషత్తు జడ్జీలకీ తెలియలేదు.

5. ఒంటి సంగతి. మైకు కీచుమంటే పంటి నరం లాగినట్టుంటుంది నాకు. గడ్డం అంటించే స్పిరిట్ గమ్ వాసన, కిరీటం లోపలి రేకు అంచు, జరీ గీరుకోవడం... మిగతావాళ్లు అయిదు నిమిషాల్లో మర్చిపోతారు, నేను మూడో అంకం దాకా మర్చిపోను. మేకప్‌కి అందరికన్నా ముందు కూర్చుంటాను. అర్దళం నేనే పూసుకుంటాను. ఎవరి వేలూ తగలకూడదు. జరీ కింద పాత నూలు బనీను, కిరీటంలో దూది. గొప్ప నటుడనే గీర అనుకున్నారు చాలామంది. అనుకోనిచ్చాను.

6. ఏడుపు. మా నాన్న పోయిన రోజు నాకు కన్నీరు రాలేదు. రాతి గుండె అన్నారు బంధువులు. నేను మేనత్తను చూస్తున్నాను. గుండెలు బాదుకుని ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగి, "పొయ్యి మీద పాలు చూడండే" అంది. మళ్లీ ఆ రాగం విడిచిన చోటే అందుకుంది. చాలా ఏళ్ల తర్వాత ఒక నాటికలో కొడుకు శవం ముందు ఏడుస్తూ, ఆగి, దీపం వత్తి ఎగదోశాను. హాలు నిశ్శబ్దమైపోయింది. నాన్న కోసం ఏడుపు నాకు పదకొండో రోజున వచ్చింది, సైకిలు తుడుస్తుంటే. రాకపోవడం వేరు, ఆలస్యంగా రావడం వేరు. ఈ తేడా బంధువులకి నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

7. పేరు గురించి ఎక్కువ ఆలోచించకు. వియన్నాలో పిల్లల డాక్టరు హాన్స్ ఆస్పర్జర్ 1944లో ఇలాంటి పిల్లల గురించి రాశాడు. 1981లో లండన్ డాక్టరు లోర్నా వింగ్ దాన్ని ఆయన పేరుతో లోకానికి తెలియజేసింది. 2013లో అమెరికా సైకియాట్రిస్టులు తమ పుస్తకంలోంచి ఆ పేరు తీసేసి ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు. నేను రెండేళ్లే వాడుకున్నాను. ఆంథొనీ హాప్కిన్స్ తనకూ ఇదే ఉందని చెప్పుకున్నాడు. స్క్రిప్టు వందలసార్లు చదువుతాడట. మా ఆవిడ ఆ మాట విని, "ఆయనకి ఆస్కార్లు, మీకు శాలువాలు" అంది.

8. పొగిడేవాళ్లకి ఏం చెప్పాలో అది కూడా రిహార్సల్ చేసుకో. నాది: "మీరు రావడం సంతోషమండీ." ఇరవై ఏళ్లుగా ఇదొక్కటే.

9. మా ట్రూపులో ఒక కుర్రాడున్నాడు. తెర పడి జనం పైకి రాగానే సెట్టు వెనక బల్ల కిందికి దూరతాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చుంటాను, మాట్లాడను. మొన్న వాడే అడిగాడు: "తాతగారూ, బొట్టు పెట్టుకోని వాళ్లతో సీనుంటే?"

"కనుబొమల మధ్య చూడు" అన్నాను.

చూశాడు. "మీకక్కడ అర్దళం ఇంకా పోలేదు" అన్నాడు.