చేనిలో చప్పుడు: వాడుక, అదుపు

జొన్న, సజ్జ కంకి పాలు పోసుకొన్ననాటినుండి గింజ గట్టిపడువరకు పిట్టల బెడద హెచ్చు. డప్పు, డబ్బా మ్రోత వానిని తరుమును. కాని ఒకేచోట అదే చప్పుడు వినిన పిట్టలు కొలది దినములలో అలవాటుపడి బెదరవు. కావున చోటు, వేళ, మ్రోత మార్చుచుండవలెను. ఉదయ సాయంకాలముల కావలి ముఖ్యము.

ఇక ఇంజను, ట్రాక్టరు చప్పుడు చెవికి చేటు. దినమునకు 8 గంటలు వినుటకు 85 డెసిబెళ్ళు మించరాదని నిపుణుల సలహా. 3 డెసిబెళ్ళు పెరిగినచో శబ్దశక్తి రెట్టింపగును. అనగా 88 వద్ద 4 గంటలే. మూడడుగుల దూరములోని మనిషితో కేకవేసి మాట్లాడవలసివచ్చిన, హద్దు దాటినట్లే. చిల్లుపడిన సైలెన్సరును వెంటనే మార్పించవలెను. చెవులలో వట్టి దూది చాలదు. ఇయర్ ప్లగ్గులు పెట్టుకొనవలెను. చప్పుడు వలన పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు.