డార్విను ఉత్తరములు

గ్రంథము పదిమంది కొఱకు వ్రాయబడును. ఉత్తరము ఒక్కరి కొఱకు వ్రాయబడును. గ్రంథమునందు పాండిత్యము కానవచ్చును. ఉత్తరమునందు హృదయము కానవచ్చును. అందువలన మహాపురుషుల నడవడిని తెలిసికొనగోరువారు వారి ఉత్తరములను వెదకి భద్రపఱచుచుందురు. విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండు దేశమున వర్ధిల్లిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విను (1809-1882) ఉత్తరములు ఇట్లు భద్రపఱుపబడినవానిలో ముఖ్యమైనవి.

ఆ దేశమున పూర్వము ఉత్తరము పంపుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. దూరము పెరిగినకొలది రుసుము పెరుగుచుండెడిది. రోలండ్ హిల్ అను నాతని కృషి ఫలితముగా 1840వ సంవత్సరమున అర ఔన్సు బరువుగల ఉత్తరము దేశములో ఎంత దూరమునకైనను ఒక్క పెన్నీకే చేరసాగెను. రెండేండ్ల తరువాత డార్విను లండను నగరమును విడిచి, కెంటు మండలములోని డౌన్ అను పల్లెలో స్థిరపడెను. అనారోగ్యముచే ఆయన ఇల్లు కదలుట అరుదు. అయినను తపాలా మూలమున లోకమంతయు ఆయన గదిలోనికి వచ్చినది. పావురములను పెంచువారిని, తోటమాలులను, దూరదేశములందలి పండితులను ఆయన ఉత్తరముల ద్వారా ప్రశ్నించుచుండెడివాడు. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలకు అధికారియైన ఎడ్వర్డ్ బ్లైత్ భారతదేశపు పశుపక్షులను గూర్చి ఆయనకు దీర్ఘమైన లేఖలు పంపెను.

జీవజాతులు కాలక్రమమున మార్పు చెందునను సిద్ధాంతమును డార్విను 1844లోనే ఒక వ్యాసముగా వ్రాసెను. తాను మరణించినచో దానిని ప్రకటింపవలసినదని భార్యయైన ఎమ్మాకు ఒక లేఖ వ్రాసి యుంచెను. కాని మఱింత సాక్ష్యము కూర్చవలెనని, ఆ వ్యాసమును ప్రకటింపక పరిశోధన సాగించుచుండెను.

ఇట్లుండగా 1858లో ఆయనకు దూరప్రాచ్య ద్వీపములనుండి ఒక లేఖ వచ్చెను. దానిని వ్రాసినవాడు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలేస్. జ్వరపీడితుడై యున్న సమయమున వాలేస్‌కు తోచిన సిద్ధాంతము ఆ లేఖతోపాటు వచ్చిన వ్యాసములో నుండెను. అది డార్విను సిద్ధాంతమునే పోలియున్నది! ఇరువది యేండ్ల శ్రమకు దక్కవలసిన గౌరవము చేయిజారునట్లు కనబడెను. డార్విను ఆ వ్యాసమును దాచలేదు. దానిని వెంటనే తన మిత్రుడగు లయెల్‌కు పంపెను. తాను అల్పబుద్ధితో ప్రవర్తించితినని వాలేస్ గాని మరియెవ్వరు గాని తలచుటకంటె, తన గ్రంథమునంతయు తగులబెట్టుటయే మేలని ఆయనకు వ్రాసెను.

ఆ దినములలోనే డార్విను పసికుమారునికి విషజ్వరము సోకెను. జూన్ 28వ తేదీన ఆ శిశువు మరణించెను. అంతటి దుఃఖములోను ఆయన తన 1844 నాటి వ్యాసమును, 1857లో అమెరికాలోని ఏసా గ్రే అను వృక్షశాస్త్రజ్ఞునికి తాను వ్రాసిన లేఖ ప్రతిని హుకర్ అను మిత్రునికి పంపెను. జూలై 1వ తేదీన లిన్నియన్ సొసైటీ సభలో ఆ రెంటినుండి కొన్ని భాగములును, వాలేస్ వ్యాసమును చదువబడెను. ఇరువురిలో ఒక్కరును సభలో లేరు. ఏసా గ్రేకు వ్రాసిన లేఖ, వాలేస్ వ్యాసము రాకముందే డార్వినుకు ఆ భావములు కలవని నిరూపించెను. వాలేస్ ఈ యేర్పాటునకు సంతసించెను. 1869లో తన గ్రంథమొకటి డార్వినుకు అంకితము చేసెను. తరువాత వాలేస్ ధనహీనుడు కాగా, డార్విను ప్రభుత్వముతో ఉత్తరములు నడిపి 1881లో ఆయనకు భరణము లభించునట్లు చేసెను.

ఇందొక విచిత్రము కలదు. డార్విను తనకు వచ్చిన ఉత్తరములను, తెలుగువారు తీగకు గ్రుచ్చి యుంచినట్లే, చువ్వలకు గ్రుచ్చి యుంచెడివాడు. చువ్వలు నిండినప్పుడు పాతవానిని కాల్చివేసి, ఆ చువ్వలనే మరల వాడుకొనెడివాడు. అందుచే 1862కు పూర్వము వచ్చిన ఉత్తరములు చాలవరకు నశించినవి. వాలేస్ పంపిన ఆ లేఖయు నేడు లేదు. అది ఏ దినమున డౌన్ చేరెనో యని పండితులు నేటికిని వాదించుచున్నారు. డార్విను దానిని కొంతకాలము దాచెనేమో యని సందేహించినవారును కలరు. ఆ సందేహమునకు ఎదురుగా నిలిచి మాటాడునవి మిత్రులు పదిలపఱచిన ఆయన లేఖలే.

ఈ విలువ గుర్తించి, లోకమున చెదరియున్న డార్విను ఉత్తరములను సేకరించు కార్యమును పండితులు 1974లో ప్రారంభించిరి. ఆయన వ్రాసినవి, ఆయనకు వచ్చినవి కలిపి పదునైదు వేలకు పైగా లభించినవి. వానిలో పెద్ద భాగము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున కలదు. 1985 మొదలు 2023 వఱకు అవి ముప్పది సంపుటములుగా వెలువడినవి.

ఒక్క మనుజుని ఉత్తరములు చదివి అచ్చువేయుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. కాలిన కాగితము తన యజమానిని సమర్థింపజాలదు. నిలిచిన కాగితము ఆయన న్యాయబుద్ధిని తరతరములకు చాటుచున్నది.