గాజుకే ప్లస్ ఎందుకు?



పట్టుగుడ్డతో రుద్దిన గాజు కడ్డీకి ధనావేశం వస్తుందని హైస్కూల్ సైన్స్‌లో చదువుతారు. "గాజుకే ప్లస్ ఎందుకు?" అని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే, "పుస్తకంలో అలాగే ఉంది, రాసేయ్" అనడం తేలిక. కానీ ఆ ప్రశ్న వెనక ఇప్పుడు ఎవరూ వాడని రెండు పేర్ల కథ ఉంది.

బంగారు రేకు

1733లో పారిస్‌లో షార్ల్ దు ఫే అనే శాస్త్రవేత్త గాజు గొట్టాన్ని రుద్ది, దాని మీదికి పలచటి బంగారు రేకును వదిలాడు. రేకు గొట్టాన్ని తాకి, వెంటనే దూరంగా ఎగిరి గాలిలో తేలింది. గుగ్గిలం లాంటి కోపల్ ముక్కను రుద్ది దగ్గర పెడితే అది కూడా రేకును నెట్టేస్తుందని అనుకున్నాడు. కానీ రేకు దాని వైపుకే వచ్చింది!

ఆయన తన లెక్క తప్పిందని ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టలేదు. మరెన్నో వస్తువులు రుద్ది చూశాడు. గాజు, ఉన్ని ఒక జట్టు. లక్క, ఆంబర్, పట్టు, కాగితం మరో జట్టు. మొదటి దానికి 'విట్రియస్', అంటే గాజు విద్యుత్తు అని, రెండో దానికి 'రెసినస్', అంటే గుగ్గిలపు విద్యుత్తు అని పేర్లు పెట్టాడు. ఒకే రకానివి నెట్టుకుంటాయి, వేర్వేరు రకాలవి ఆకర్షించుకుంటాయి అన్నాడు.

పేర్లు ఎందుకు పోయాయి?

1747లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నది ఒకే విద్యుత్తు అన్నాడు. అది ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్. రుద్దిన గాజులో ఎక్కువవుతుందని ఊహించి దానికి ప్లస్ ఇచ్చాడు. తర్వాత ఇంగ్లండులో జాన్ కాంటన్, గరుకు చేసిన గాజును ఫ్లానెల్ గుడ్డతో రుద్దితే 'గుగ్గిలపు' విద్యుత్తే వస్తుందని చూపాడు. అంటే గాజులోనే గాజు విద్యుత్తు ఉండిపోదు. ఉపరితలం, రుద్దే గుడ్డ కూడా ముఖ్యమే. పాత పేర్లు క్రమంగా మరుగున పడ్డాయి.

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. దాని ఆవేశం మైనస్. పట్టుతో రుద్దినప్పుడు గాజు నిజానికి ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది! ఫ్రాంక్లిన్ ఊహ తలకిందులైనా గుర్తులు మారలేదు. అందుకే నేటికీ తీగలో ఎలక్ట్రాన్లు ఒక వైపు వెళ్తుంటే, కరెంటు దిశను ఎదురు వైపుకు గీస్తాం. పదో తరగతిలో పిల్లలు తికమకపడేది ఇక్కడే.

ఇంట్లో చేసి చూడండి

తేమ లేని రోజున రెండు బెలూన్లు ఊది, ఉన్ని గుడ్డతో రుద్ది, పక్కపక్కనే దారాలతో వేలాడదీయండి. అవి దూరం జరుగుతాయి. ఇప్పుడు ఒక బెలూన్ దగ్గర మీ చెయ్యి పెట్టండి. చేతిని రుద్దకపోయినా బెలూన్ దాని వైపుకు వస్తుంది. "దగ్గరికి వచ్చింది కాబట్టి చేతికీ ఆవేశం ఉన్నట్టేనా?" అని పిల్లల్ని అడగండి. ఆవేశం లేని వస్తువు వైపుకు కూడా బెలూన్ వస్తుంది కాబట్టి ఆకర్షణ రుజువు కాదు. నెట్టుకోవడమే అసలు రుజువు.

ఇక "గాజుకే ప్లస్ ఎందుకు?" అంటే, "ఒక మనిషి అలా పేరు పెట్టాడు, అందరూ ఒప్పుకున్నారు" అని చెప్పండి. పరీక్షలో ప్లస్ అనే రాయాలి. కానీ ఏది ప్రకృతి నియమమో, ఏది మనం పెట్టుకున్న పేరో తేడా తెలిసిన పిల్లలకు ఆ పాఠం బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.