అత్తమ్మకు ఒక గంట పాఠం

చెల్లీ, మీ అత్తమ్మ పొద్దస్తమానం టీవీ ముందే కూర్చుంటుందని మొన్న నాతో అన్నావు. "పోనీలే అక్కా, ఆమెకూ పొద్దుపోవాలిగా" అని నువ్వే సర్దిచెప్పుకున్నావు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పొద్దుపోవడం తప్ప ఆమెకింకేం అక్కర్లేదని మనమే తీర్మానం చేసేశాం. ఒక్కసారన్నా అడిగామా?

పెద్ద పట్టణాల్లో రిటైరైనవాళ్ల కోసం కట్టే కాలనీల్లో ఒక హాలు పెట్టి, చరిత్ర మీదో సైన్సు మీదో ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తుంటారు. మన తిరుమలాయపాలెంలో అట్లాంటి కాలనీ లేదు. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ పోయాక ఎన్ని ఇళ్లలో పెద్దవాళ్లే మిగిలారో చూడు. వాళ్ల కోసం మనం చేసేవి మూడే: బీపీ షుగరు పరీక్షలు, భజన, పింఛను రోజున తోడు పోవడం. మూడూ కావాల్సినవే, కాదనను. కానీ మనిషికి తెలుసుకోవాలన్న ఆకలి అరవై దాటగానే చచ్చిపోదు.

ఫ్రాన్సులోని టులూజ్‌లో 1973లో పియర్ వెల్లాస్ అనే ప్రొఫెసర్ పెద్దవాళ్లకోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టాడు. అక్కడ పాఠం చెప్పేది ప్రొఫెసర్లు. తర్వాత 1980ల మొదట్లో ఇంగ్లండులో అదే ఆలోచనను ఇంకో తీరుగా నడిపారు. బయటినుంచి ఎవరూ రానక్కర్లేదు, పెద్దవాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు, పరీక్షల్లేవు, పట్టాల్లేవు. నాకైతే మన ఊరికి ఈ రెండోదే సరిపోతుందనిపిస్తుంది. ఏ నెలలో ఏ పురుగు పడుతుందో, కరువు ఏళ్లలో ఏం వండుకు తిన్నారో, కాన్పులు ఇంట్లోనే ఎట్లా చేశారో చెప్పగలిగినవాళ్లు మన వాడలోనే ఉన్నారు. వాళ్లను వినేవాళ్లుగానే కూర్చోబెడితే సగం చదువు మనమే పోగొట్టుకుంటాం.

"అక్షరం ముక్క రానివాళ్లకు ఉపన్యాసాలేంటక్కా" అంటావేమో. కేరళలో కార్త్యాయని అమ్మ గుళ్లు ఊడ్చి బతికిన మనిషి. 96 ఏళ్ల వయసులో, 2018లో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకుంది. మన ప్రభుత్వాలూ ఊరుకోలేదు. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా చదువు నేర్చుకునేలా ఉల్లాస్ కార్యక్రమం నడుస్తోంది. మన రాష్ట్రంలో పొదుపు సంఘాల మహిళలకు 'అమ్మకు అక్షరమాల' ఉంది. మంచిదే, అందరం పోదాం. కానీ చూపు ఆనని పెద్దమ్మను అక్షరాల దగ్గరే ఆపేస్తే ఎట్లా? పాఠం వినడానికి చెవులు చాలు, అడగడానికి నోరు చాలు.

నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా? 1990ల మొదట్లో అక్కడ ఆడవాళ్లు పగలంతా కూలిపని చేసి రాత్రి చదువులకు పోయేవాళ్లు. వాచకంలో సారాతో నలిగిపోయే ఒక ఇల్లాలి కథ వచ్చింది. అది మన బతుకే కదా అని వాళ్లు మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ గాలి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా తిరిగి 1993లో సారా నిషేధం దాకా పోయింది. అక్షరాలకంటే ముందు వాళ్లను కదిలించింది ఆ కథ చుట్టూ సాగిన మాటలు. పాఠం అంటే ముందు నలుగురు కూడి మాట్లాడుకోవడమని నేను గట్టిగా నమ్మడం అందుకే.

మనకు విషయాలకు కొదవా? వానకోసం ఆకాశంకేసి చూసిన ఈ మెట్ట పొలాలకు 2017లో భక్త రామదాసు ఎత్తిపోతలతో పాలేరు నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు పల్లం నుంచి మిట్టకు ఎట్లా ఎక్కుతున్నాయి? పాలేరుకు సాగర్ ఎడమ కాల్వలో వచ్చేది కృష్ణ నీళ్లని, ఆ కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టిందని, భద్రాద్రి రాముడి పాదాలు తాకే గోదావరేమో నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి వస్తుందని పటం పరిచి చూపించాలి. నేలకొండపల్లి అనగానే అందరికీ రామదాసే గుర్తొస్తాడు. ఆ ఊరి పక్కనే పాతకాలపు బౌద్ధ స్తూపం ఉందని చెప్పి, ఒక రోజు బండి మాట్లాడుకుని అందరినీ తీసుకుపోవాలి. మన పెద్దవాళ్లు చెప్పలేనివాటికి ఊళ్లోవాళ్లే ఉన్నారు: మోటారు సంగతి లైన్‌మన్ చెప్తాడు, చరిత్ర రిటైరైన సారు చెప్తాడు.

చోటుకు వెతకనక్కర్లేదు. రైతు వేదికలో కుర్చీలున్నాయి, తెరా ఉంది. మిరప ఏరే రోజుల్లో మాత్రం పెట్టొద్దు, ఒక్కరూ రారు. మోకాళ్ల నొప్పులవాళ్లను కింద కూర్చోబెట్టొద్దు. చెవులు మందగించినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, చెప్పేవాళ్లు ముఖం కనపడేలా నిలబడి నిదానంగా చెప్పాలి. అరగంట పాఠం, అరగంట వాళ్ల ప్రశ్నలు. శాలువాలూ దండలూ వద్దు, ఉన్న గంట కాస్తా వాటికే పోతుంది.

మా పక్కింటి పెద్దమ్మను అడిగాను, నీకు ఏం తెలుసుకోవాలనుందని. చాలాసేపు ఆలోచించి, "అంత బరువు విమానం పడిపోకుండా ఎట్ల పోతది బిడ్డా? మనవడు ఎక్కినకాడి నుంచి నాకు అదే గుబులు" అంది. అన్నేళ్లుగా మనసులో పెట్టుకుంది, అడిగినోళ్లు లేక. మొదటి పాఠం అదే పెడదాం. సైన్సు సారుతో మాట్లాడే పని నాది. మీ అత్తమ్మను వెంటబెట్టుకు వచ్చే పని నీది. అంతకుముందు ఆమెనూ అడిగి, ఏమన్నదో నాకు చెప్పు.