హెచ్‌ఆర్ చదువుకు తొలి పాఠం పే స్లిప్

హెచ్‌ఆర్ ఎందుకు ఎంచుకున్నారని అడిగితే చాలామంది విద్యార్థులు ‘నలుగురితో ఇట్టే కలిసిపోతాను’ అంటారు. మంచి గుణమే, కానీ ఉద్యోగానికి అదొక్కటే చాలదు. మానవ వనరుల నిర్వహణ చదవాలనుకునేవారు పుస్తకం తెరిచే ముందు ఇంట్లో ఎవరిదైనా పే స్లిప్ అడిగి తీసుకోండి.

బేసిక్, డీఏ కలిపి 15,000 రూపాయలనుకుందాం. పీఎఫ్ కింద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 కోత పడుతుంది. యాజమాన్యమూ అంతే కడుతుంది. అయితే అందులో 1,250 పింఛను పథకానికి పోగా పీఎఫ్ ఖాతాలో పడేది 550. ‘కంపెనీ నాకు తక్కువ వేసింది’ అంటూ ఒక కార్మికుడు కోపంగా వచ్చిన రోజున ఈ లెక్క ఓపిగ్గా విడమరచి చెప్పగలగాలి. వేతన నిర్వహణ, సామాజిక భద్రత, ఫిర్యాదుల పరిష్కారం అని సిలబస్ విడదీసిన పాఠాలన్నీ ఆ పది నిమిషాల మాటల్లో కలిసిపోతాయి.

గ్రాట్యుటీ కూడా అంతే. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ హెచ్చవేయాలి. 26,000 వేతనం, పదేళ్ల సర్వీసు అయితే 1,50,000 రూపాయలు. నామినేషన్ సకాలంలో నింపించకపోతే, ఉద్యోగి చనిపోయాక ఆయన భార్య కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఈ పని చిన్నదని ఎవరైనా అంటే నమ్మకండి.

పాత గైడ్లతో జాగ్రత్త. 2025 నవంబరు 21 నుంచి 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మొత్తం చెల్లింపుల్లో అలవెన్సుల వంటి మినహాయింపులు సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోనే కలపాలి. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచే పాత పద్ధతి ఇక చెల్లదు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఇది తప్పక చదవండి.

నియామకాలు, శిక్షణ, పనితీరు మదింపు పాఠాలు చదవడానికి తేలిక, చేయడం కష్టం. మీ వీధిలోని మెడికల్ షాపు సేల్స్‌మన్ రోజంతా ఏం చేస్తాడో గమనించి, ఆ ఉద్యోగానికి జాబ్ డిస్క్రిప్షన్ ఒక పేజీలో రాసి చూడండి.

పీజీకి ముంబయిలోని టిస్, జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ పేరున్నవి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఈ సబ్జెక్టుకు ప్రత్యేక విభాగం ఉంది. డిగ్రీలో ఉన్నవారు స్వయం పోర్టల్‌లో హెచ్‌ఆర్ కోర్సులు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.